దైవదూషణశాసనము, లౌకికప్రభుత్వము: పెనుకొండ సీమ చరిత్రనుండి కొన్ని పాఠములు

దైవదూషణము శిక్షార్హమైన నేరమని పెక్కు దేశముల శాసనములు చెప్పినవి. కాని ఆ నేరము ఎవరియెడ జరిగినదను ప్రశ్నకు అవి యన్నియు ఒక్క తీరున సమాధానము చెప్పలేదు. దైవమునెడ జరిగినదని కొన్ని, రాజ్యమునెడ జరిగినదని కొన్ని, ఆ దైవమును కొలుచు జనులయెడ జరిగినదని మరికొన్ని భావించినవి. ఈ భేదము కేవలము మాటల భేదము కాదు. మొదటి రెండు పక్షములయందు ప్రభుత్వము ఒక మతముయొక్క సత్యమును తనదిగా అంగీకరించి, దానికి కావలి కాయవలసి వచ్చును. మూడవ పక్షమున ఏ మతము సత్యమో తేల్చు పని ప్రభుత్వమునకు లేదు. ఇరుగుపొరుగువారి నడుమ శాంతిని కాపాడుట మాత్రమే దాని పని.

క్రైస్తవులైన పాలకులు క్రైస్తవేతరులైన కోట్ల ప్రజలను ఏలిన కాలమున ఈ ప్రశ్న మన దేశమున తీవ్రరూపము దాల్చెను. పాలకుని మతము పాలనలోనికి రావచ్చునా? వచ్చినచో ఎంతవరకు? రానిచో, కలెక్టరు పీఠముమీద కూర్చున్న క్రైస్తవుడు తన అంతఃకరణమును ఎక్కడ ఉంచుకొనవలెను? ఈ ప్రశ్నలను పెనుకొండ, ధర్మవరము, హిందూపురము ప్రాంతము కేంద్రముగా పరిశీలించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము. ఇంత చిన్న సీమను ఎన్నుకొనుటకు కారణము కలదు. మతవివాదములయందు ప్రభుత్వము వహింపవలసిన పాత్రను తెలుపు రెండు ముఖ్యమైన పత్రములకు ఈ సీమతో సంబంధము కలదు. ఒకటి 1368 నాటి శిలాశాసనము. రెండవది 1822 నాటి ప్రభుత్వ లేఖనము. ఈ రెంటి నడుమ నాలుగున్నర శతాబ్దుల దూర మున్నను, రెండును ఒకే ప్రశ్నకు సమాధానములు.

1. సీమ స్వరూపము

పెనుకొండ విజయనగర చక్రవర్తులకు ముఖ్యదుర్గము. 1565లో రాక్షసితంగడి యుద్ధము ముగిసిన పిమ్మట తిరుమలరాయలు రాజధానిని ఇచ్చటికే మార్చెను. ఒక్క పెనుకొండలోనే హిందూ దేవాలయములు, పార్శ్వనాథుని జైనాలయము, షేర్ ఖాన్ మసీదు, బాబయ్య దర్గా కలవు. బాబయ్య ఉరుసునకు ముస్లిములతోపాటు హిందువులును వత్తురు. హిందూపురమునకు సమీపమున లేపాక్షి వీరభద్రాలయము కలదు. హిందూపురమును మురారిరావు తన తండ్రి హిందూరావు పేర కట్టించెనని ప్రసిద్ధి. ధర్మవరము పెద్దచెరువునకును, పట్టునేతకును పేరు పొందినది. తెలుగు, కన్నడము, ఉరుదూ భాషలు మూడును ఈ సీమ సంతలలో వినబడును.

ఈ సీమ విజయనగరానంతరము బీజాపురమువారికి, మొగలులకు, మహారాష్ట్రులకు, మైసూరు సుల్తానులకు క్రమముగా వశమైనది. 1799లో టిప్పు సుల్తాను మరణించిన తరువాత నిజాము వాటాలోనికి వచ్చిన ప్రాంతమును, అంతకుముందు 1792లో వచ్చిన ప్రాంతమును నిజాము 1800 అక్టోబరులో ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. అందువలననే ఈ భాగమునకు దత్తమండలమని పేరు వచ్చెను. 1808లో దత్తమండలమును బళ్ళారి, కడప జిల్లాలుగా విభజించిరి. మన మూడు తాలూకాలును బళ్ళారి జిల్లాలో చేరినవి. 1882లో అనంతపురము జిల్లా ఏర్పడువరకు అవి అందే ఉన్నవి. 2022 ఏప్రిలులో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఇప్పుడు ఈ మూడు పట్టణములును కలవు. కావున 1822 నాటి బళ్ళారి వృత్తాంతము ఈ తాలూకాల పాలనచరిత్రలో భాగమని గ్రహింపవలెను.

2. బుక్కరాయల తీర్పు

శ. స. 1290, అనగా క్రీ. శ. 1368 నాటి శ్రవణబెళగొళ శాసనము చరిత్రవిద్యార్థులకు సుపరిచితము. జైనులకును శ్రీవైష్ణవులకును వివాదము పుట్టగా, జైనులు బుక్కరాయలకు మొరపెట్టుకొనిరి. మొరపెట్టుకొన్నవారు ఏ సీమలవారో శాసనము పేర్కొనుచున్నది. ఆనెగొంది, హోసపట్టణము, పెనుగొండ, కల్లెహ పట్టణములకు చేరిన నాడులలోని జైనులు వారు. అనగా మన పెనుకొండ ఈ వివాదమున వాదిపక్షమున నిలిచిన సీమలలో నొకటి.

రాయల తీర్పు గమనింపదగినది. ఆయన జైనుల చేతిని వైష్ణవుల చేతిలో నుంచి, వైష్ణవదర్శనమునకును జైనదర్శనమునకును భేదము లేదని ప్రకటించెను. పంచమహావాద్యములకును కలశమునకును జైనులు పూర్వమువలెనే అర్హులనెను. జైనదర్శనమునకు హాని కలిగినచో అది తమకు కలిగిన హానిగా వైష్ణవులు భావింపవలెనని శాసించెను. ఇంటింటికి ఏటేట ఒక హణము చొప్పున జైనులిచ్చు ధనముతో శ్రవణబెళగొళ దేవునికి ఇరువదిమంది కావలివారిని నియమించుటకును, మిగిలినదానితో జీర్ణ జినాలయములను బాగుచేయుటకును తిరుమల తాతయ్య బాధ్యుడయ్యెను. ఈ కట్టడిని మీరినవాడు రాజద్రోహి, సంఘద్రోహి, సముదాయద్రోహి యగునని శాసనము చెప్పుచున్నది.

ఇందు మూడు విషయములు కలవు. మొదటిది: రాజు ఏ దర్శనము సత్యమో విచారింపలేదు. రెండవది: కట్టడిని మీరుటను దైవద్రోహమని కాక, రాజునకును, సంఘమునకును, సముదాయమునకును చేసిన ద్రోహమని పేర్కొనెను. మూడవది: బలహీనపక్షమును కాపాడు భారమును బలవంతులైన వైష్ణవులపైననే మోపెను. అయితే ఈ తీర్పును నేటి సమానత్వభావముతో కొలిచి పొగడుట సరికాదు. కాపుదలకు కావలసిన సొమ్ము జైనులే చెల్లించుకొనిరి. ఆ సొమ్మును వెచ్చించు అధికారము వైష్ణవుని చేతికి పోయెను. అల్పసంఖ్యాకులు తమ శాంతిని కొంత వెల యిచ్చి కొనుక్కొనిరి. అయినను, పాలకుడు వాదములో ఒక పక్షము కాక మధ్యస్థుడుగా నిలువవలెనను సూత్రము ఈ సీమ చరిత్రలో అంత ప్రాచీనమని మాత్రము నిస్సంశయముగా చెప్పవచ్చును.

3. ఇంగ్లండులోని నియమము

బుక్కరాయల తీర్పునకు మూడువందల యేండ్ల తరువాత ఇంగ్లండులో నెలకొన్న నియమము దీనికి సరిగా విరుద్ధము. 1676లో టేలరను నతడు క్రీస్తును దూషించెనని అభియోగము రాగా, ప్రధానన్యాయాధిపతి సర్ మాథ్యూ హేల్ క్రైస్తవమతము ఆ దేశపు శాసనములలో అంతర్భాగమని తీర్పు చెప్పెను. మతమును దూషించుట శాసనమును దూషించుటయే. శాసనమును దూషించుట రాజ్యమూలమును కదలించుటయే యని ఆ తర్కము. ఇచ్చట దైవదూషణము దైవమునెడను రాజ్యమునెడను ఒక్కమారే జరిగిన నేరమగుచున్నది. సత్యమతము ఒక్కటే, ప్రభుత్వము దాని పక్షమున నున్నది.

కాలక్రమమున ఈ నియమము సడలెను. 1883లో ఫుట్, రామ్సే అనువారి విచారణలో ప్రధానన్యాయాధిపతి కోల్‌రిడ్జి, మర్యాద మీరని వాదమున మతమూలములను ఖండించినను అది నేరము కాదనెను. 1917లో ప్రభువుల సభ క్రైస్తవమతము శాసనములలో అంతర్భాగమను మాటకు శాసనబలము లేదని తేల్చెను. అయినను నేరము మిగిలియే యుండెను. 1921లో గాట్ అనువాడు దానికై కారాగారమున కేగెను. అన్నిటికంటె విచిత్రమైనది 1990 నాటి నిర్ణయము. సల్మాన్ రష్దీ నవలపై ముస్లిములు అభియోగము తేగోరగా, దైవదూషణశాసనము క్రైస్తవమతమును మాత్రమే కాపాడునని లండనులోని న్యాయస్థానము చెప్పెను. ఇంగ్లండులో ఆ శాసనము 2008లో రద్దయ్యెను.

ఇట్టి నియమము గల దేశమునుండి వచ్చిన అధికారులు పెనుకొండ కచేరిలో కూర్చుండిరి. వారు తమతోపాటు ఆ నియమమును తెచ్చిరా యనునది తరువాతి ప్రశ్న.

4. కంపెనీ ధర్మకర్తృత్వము

తేలేదు. తేకపోగా, వారు చేసినది దానికి విపరీతము. దత్తమండలమునకు ప్రధాన కలెక్టరుగా 1800లో వచ్చిన థామస్ మన్రో అనంతపురమును కేంద్రముగా చేసికొని 1807 వరకు పాలించెను. గ్రామగ్రామమునకు భూములను కొలిపించి శిస్తులను నిర్ణయించెను. దేవాలయముల ఇనాము భూములు, మసీదుల ఇనాము భూములు, దర్గాల ఇనాము భూములు సర్కారు లెక్కలలోని కెక్కినవి. పూర్వ ప్రభువుల స్థానమున కంపెనీ నిలిచినది గనుక, పూర్వ ప్రభువులు ఇచ్చిన దానధర్మములను నడుపు భారమును దానిదే యని జనులు తలంచిరి. కంపెనీయు చాలవరకు అట్లే తలంచెను.

1817లో చెన్నపట్టణ ప్రభుత్వము చేసిన 7వ రెగ్యులేషను ఈ భావమునకు శాసనరూపమిచ్చెను. దేవాలయములకును, మసీదులకును, ఇతర ధర్మసంస్థలకును చేరిన ఆస్తులపై సామాన్యపర్యవేక్షణ రెవిన్యూ బోర్డునకు చెందెను. జిల్లాలలో ఆ పని కలెక్టరులకు వచ్చెను. దేవునికి తస్తీకు చెల్లించుట, అర్చకుని నియామకవివాదమును తీర్చుట, రథోత్సవమునకు ఏర్పాట్లు చూచుట కూడ జమాబందీతోపాటు కచేరి పనులలో చేరినవి. క్రైస్తవుడైన కలెక్టరు హిందూ దేవాలయమునకు పెద్ద ధర్మకర్త యయ్యెను. ఇంగ్లండులో నతడు శాసనబద్ధుడైన క్రైస్తవుడు; ఇచ్చట శాసనబద్ధుడైన దేవాలయపర్యవేక్షకుడు.

జనులు ఈ స్థితిని ఎట్లు గ్రహించిరో వారి స్మృతులే చెప్పును. దత్తమండలమున పిల్లలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి మన్రోకు దర్శనమిచ్చెనని కథ పుట్టెను. తిరుమలలో మన్రో గంగాళమను పేర నైవేద్యపాత్ర వెలసెను. ఈ కథల సత్యాసత్యములు వేరు విషయము. పరమతస్థుడైన పాలకుడు తమ దేవుని గౌరవించుననియు, దేవుడును ఆ పాలకుని అనుగ్రహించుననియు నమ్ముటకు ఈ సీమ ప్రజలు సిద్ధముగా ఉండిరనుటకు అవి నిదర్శనములు.

5. 1822: బళ్ళారి సబ్ కలెక్టరు వృత్తాంతము

1810లో లండన్ మిషనరీ సంఘమునకు చెందిన జాన్ హ్యాండ్స్ బళ్ళారి చేరెను. బైబిలును కన్నడీకరించినవారిలో ఆయన ముఖ్యుడు. 1813 చార్టరు శాసనముతో మిషనరీల రాకకు మార్గము సుగమమయ్యెను. మిషనరీ బోధించుట ప్రభుత్వవిషయము కాదు. అతని చేతిలో అధికారము లేదు. కాని 1822లో బళ్ళారి సబ్ కలెక్టరు ఒకరు తానే క్రైస్తవమత గ్రంథములను, కరపత్రములను జనులలో వ్యాపింపజేయుటకు పూనుకొనెను. ప్రశ్న వచ్చినపుడు, ఈ పనిని తాను అధికారిగా కాక సామాన్యవ్యక్తిగా చేసితినని సమాధానము చెప్పెను.

ఆ నాటికి మన్రో చెన్నపట్టణమునకు గవర్నరు. ఆయన తాను ఏడేండ్లు పాలించిన సీమనుండి వచ్చిన ఈ వ్యవహారముపై స్వయముగా ఒక అభిప్రాయలేఖనము వ్రాసెను. అందలి తర్కసారము ఇది. అధికారి తన్ను రెండుగా విభజించుకొని, ఒక భాగముతో శిస్తు వసూలుచేసి రెండవ భాగముతో మతమును బోధింపజాలడు. రైతు కంటికి ఆ ఇద్దరును ఒక్కరే. శిస్తు తగ్గించుటకును, దోషిని దండించుటకును అధికారముగల వాని చేతినుండి వచ్చిన పుస్తకము కేవలము పుస్తకము కాదు. అది సర్కారు కోరిక. పాలకులు కొలదిమందియై, వేరు జాతివారై యున్న దేశమున ప్రజల మతభావములతో చెలగాటమాడుట మిక్కిలి అపాయకరము.

మన్రో క్రైస్తవవిరోధి కాడు. ఈ తర్కమున మతనింద లేదు. మిషనరీల బోధను ఆయన నిషేధింపలేదు. ఆయన నిరాకరించినది అధికారమును బోధను ఒకే చేతిలో నుంచుటను మాత్రమే. ఇందలి మెలకువ గమనింపదగినది. సాధారణముగ మతస్వేచ్ఛను గురించిన చర్చలు రాజశాసనములను గురించియే సాగును. నిర్బంధము శాసనములో లేకున్నను, పీఠముపై కూర్చున్నవాని చిరునవ్వులోను, చేతిలోని కరపత్రములోను ఉండవచ్చునని 1822 లేఖనము సూచించుచున్నది. జమాబందీ దినములలో కచేరి ముందు బారులుతీరిన రైతులను తలచుకొన్నచో ఈ సూచన ఎంత వాస్తవమో తెలియును.

అయితే మన్రో వాదమున రెండు పాయలు కలిసియున్నవని పరిశోధకులు మరువరాదు. ఒకటి ధర్మము: అధికారబలముతో విశ్వాసమును కొనరాదు. రెండవది నీతిజ్ఞత: కొలదిమంది విదేశీయులు కోట్లమందిని కలత పెట్టరాదు. రెండవ పాయ సామ్రాజ్యరక్షణకు సంబంధించినది. విదేశీయపాలన అంతరించిన నాడు ఆ కారణము పోవును. మొదటి కారణము మాత్రము పోదు. ఏ మతము వాడైనను అధికారియైన ప్రతివానికి అది వర్తించును.

6. క్రైస్తవుని అంతఃకరణము, దేవాలయపు తాళపుచెవులు

కథ ఇంతటితో ముగిసినచో సరళముగా నుండెడిది. మన్రో 1827 జూలైలో పత్తికొండవద్ద విషూచివలన మరణించెను. ఆయన అనంతరము వాదము మరియొక దిక్కునుండి వచ్చెను. అధికారి తన మతమును ప్రజలపై రుద్దరాదన్నచో, ప్రజల మతకార్యములను నడుపుమని ఆ అధికారిని నిర్బంధించుట న్యాయమా యని క్రైస్తవులు ప్రశ్నించిరి. ఉత్సవములలో ఫిరంగులు పేల్చుట, సిపాయిలను బారులుతీర్చుట, సర్కారు పక్షమున కానుక లిచ్చుట తమ అంతఃకరణమునకు విరుద్ధమనిరి. 1833లో కంపెనీ డైరెక్టర్ల సభ ఈ సంబంధములను తెంచుకొనవలెనని ఉత్తరువు చేసెను. అది అమలు జరుగకపోగా, 1836లో చెన్నపట్టణమున బిషప్ డేనియల్ కారీ సమర్పించిన మహజరుపై రెండువందలమందికి పైగా మతాచార్యులు, ఉద్యోగులు సంతకములు చేసిరి. 1838లో చెన్నపట్టణ సేనాధిపతి సర్ పెరిగ్రిన్ మైట్లండు ఈ విషయముననే పదవిని వదలుకొనెను.

తుదకు 1840 తరువాతి దశాబ్దమున కలెక్టరులు దేవాలయముల నిర్వహణనుండి తప్పుకొనిరి. 1863 నాటి 20వ చట్టము ఈ నిష్క్రమణకు పూర్తిరూపమిచ్చెను. దేవాలయములు ధర్మకర్తలకును, స్థానికసంఘములకును అప్పగింపబడినవి. ఇందలి విచిత్రమును గుర్తింపవలెను. లౌకికప్రభుత్వము మతవ్యవహారములనుండి తొలగవలెనను సూత్రము ఇచ్చట లౌకికవాదులవలన రాలేదు; నిష్ఠగల క్రైస్తవులవలన వచ్చెను. విగ్రహములకు దూరముగా నుండుట వారి కోరిక. ఫలితము మాత్రము ప్రభుత్వమునకును మతమునకును నడుమ ఒక గోడ.

ఆ గోడను రెండవ వైపునుండి దాటుటకును అదే కాలమున ప్రయత్నము జరిగెను. గవర్నరు మార్క్విస్ ట్వీడేల్ 1846లో ప్రభుత్వ పాఠశాలలయందు బైబిలును పాఠ్యగ్రంథముగా ఉంచదలచెను. దేవాలయమునుండి సర్కారును తొలగించినవారే, బడిలోనికి బైబిలును సర్కారు చేతిమీదుగా తేబోయిరి. చెన్నపట్టణపు తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి దీనిని ఎదుర్కొనెను. 1844నుండి తాను నడుపుచున్న క్రెసెంటు పత్రికలో ఆయన వాదించెను. 1846 అక్టోబరులో పచ్చయప్ప విద్యాలయమున మహాసభ జరిగెను. డైరెక్టర్లకు మహజరు వెళ్ళెను. డైరెక్టర్లు బైబిలు ప్రతిపాదనను తోసిపుచ్చిరి. 1852లో చెన్నపట్టణ స్వదేశసంఘమును స్థాపించిన లక్ష్మీనరసు శెట్టిని రాజకీయోద్యమమునకు ఆద్యునిగా స్మరించుట పరిపాటి. ఆయన వాదమూలము మాత్రము 1822 నాటి బళ్ళారి ప్రశ్నయే: ప్రజల శిస్తుతో నడచు పీఠమునుండి ఒక మతమును బోధింపవచ్చునా?

7. శిక్షాస్మృతి 15వ అధ్యాయము

ఈ వాదములన్నియు సాగుచుండగనే భారతశిక్షాస్మృతి రూపొందుచుండెను. మెకాలే అధ్యక్షతన శాసనసంఘము 1837లో చిత్తుప్రతిని ముగించెను. 1860లో అది చట్టమై, 1862 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. అందలి 15వ అధ్యాయము మతసంబంధమైన నేరములకు ప్రత్యేకింపబడినది. ప్రతివాడును తన మతమును స్వేచ్ఛగా అవలంబింపవచ్చుననియు, ఎవడును పరమతమును అవమానింపరాదనియు దాని మూలసూత్రము.

ఈ అధ్యాయమున దైవదూషణమను మాట లేదు. 295వ విభాగము ఏ వర్గమువారి పూజాస్థలమునైనను, వారు పవిత్రముగా భావించు ఏ వస్తువునైనను, అవమానించు ఉద్దేశముతో పాడుచేసినవానికి రెండేండ్ల వరకు శిక్ష విధించుచున్నది. 296వ విభాగము పూజకై శాంతియుతముగ కూడిన సభను చెరచుటను, 297వది శ్మశానములను, సమాధులను అపవిత్రము చేయుటను, 298వది బుద్ధిపూర్వకముగ మతభావములను నొప్పించు మాటలాడుటను శిక్షార్హములుగా జేసినవి. ఈ మూడింటికి శిక్ష ఏడాది వరకు. తుది విభాగమున బుద్ధిపూర్వకమను నియమము ముఖ్యమైనది. మతవాదమున తీవ్రముగ మాటాడుటయే నేరమైనచో మిషనరీయు బోధింపలేడు, పండితుడును ఖండింపలేడు. ఆ నియమము వాదమునకు చోటుంచి, వేధింపును మాత్రము వారించినది.

ఇందు రక్షణ పొందునది దైవము కాదు. దైవమును పూజించు వర్గము. లేపాక్షి వీరభద్రుడు నిజముగా దేవుడా, బాబయ్య నిజముగా మహిమాన్వితుడా యను విచారణ న్యాయాధిపతికి లేదు. ఆ స్థలమును ఒక వర్గము పవిత్రమని నమ్ముచున్నదా, నేరస్థుడు ఆ నమ్మకమును అవమానింప నుద్దేశించెనా యనునవి మాత్రమే ప్రశ్నలు. చర్చికెంత రక్షణయో దర్గాకును అంతే. దర్గాకెంతయో గ్రామదేవత గుడికిని అంతే. క్రైస్తవరాణి పేర అమలైన ఈ శాసనము 1862లోనే పెనుకొండ మసీదునకును, జైనాలయమునకును ఇచ్చిన సమానరక్షణను లండను నగరపు న్యాయస్థానము 1990లో సైతము ముస్లిములకు ఇవ్వజాలకపోయెను. ఒకే ప్రభుత్వము తన ఇంట ఒక నియమమును, వలసయందు వేరొక నియమమును పాటించెను. వలసయందలి నియమమే మేలైనదని కాలము తేల్చెను.

1858 నవంబరు 1 నాటి విక్టోరియా రాణి ప్రకటనయు ఈ ద్వంద్వమునే చూపుచున్నది. రాణి తాను క్రైస్తవసత్యమును దృఢముగ నమ్ముదునని చెప్పుచునే, తన విశ్వాసమును ప్రజలపై రుద్దు హక్కు గాని కోరిక గాని తనకు లేదని ప్రకటించెను. బళ్ళారి సబ్ కలెక్టరు తన్ను తాను రెండుగా విభజించుకొనజూచి విఫలుడయ్యెను. రాణి వాక్యమున విశ్వాసమును అధికారమును వేరుపడినవి. ఈ తటస్థత నిర్దుష్టమని మాత్రము భావింపరాదు. బిషప్పుల వేతనములు భారతదేశపు ఆదాయమునుండియే చెల్లుచుండెను. దేవాలయపు తాళపుచెవులను వదలిన సర్కారు తన చర్చిశాఖను వదలలేదు.

8. తరువాతి మార్పులు

శిక్షాస్మృతి రక్షణను భక్తుని భావముపై నిలిపినది గదా! అయినచో భావమునకు మేరయేది? 1887లో అలహాబాదు హైకోర్టు 295వ విభాగమునందలి వస్తువను మాటలో ప్రాణియైన గోవు చేరదని నిర్ణయించి ఒక మేరను గీచెను. 1924లో లాహోరునందు మహమ్మదు ప్రవక్తను అవహేళన చేసిన ఒక పుస్తకము వెలువడగా, ప్రకటనకర్త రాజపాల్ 1927లో హైకోర్టున విడుదలయ్యెను. గతించిన మతప్రవక్తను గూర్చిన వ్రాత అప్పటి చట్టమున నేరము కాదని తేలెను. అలజడి చెలరేగగా ఆ సంవత్సరముననే 295-ఎ విభాగము చేరినది. ఒక వర్గపు మతమును లేదా విశ్వాసములను బుద్ధిపూర్వకముగను, దురుద్దేశముతోను అవమానించి వారి భావములను రెచ్చగొట్టు వ్రాతయు మాటయు నేరమయ్యెను. రాజపాల్ 1929లో హత్యకు గురియయ్యెను. చట్టము ఆ హత్యను ఆపలేకపోయెను.

స్వతంత్రభారతమున సుప్రీంకోర్టు 1957లో రామ్‌జీలాల్ మోడీ వ్యవహారమున ఈ విభాగమును సమర్థించుచు, అది దురుద్దేశముతో కూడిన తీవ్రమైన అవమానమును మాత్రమే శిక్షించునని మేర గీచెను. 1958లో వినాయకవిగ్రహమును పగులగొట్టిన విషయమై పెరియార్ రామస్వామిపై వచ్చిన వ్యవహారమున, వస్తువెంత స్వల్పమైనను ఒక వర్గము దానిని పవిత్రముగా భావించినచో 295వ విభాగమున చేరునని చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయందు ఈ నియమములు 298 మొదలు 302 వరకు గల విభాగములలో ఇంచుమించు యథాతథముగ నిలిచినవి.

అదే శిక్షాస్మృతి సరిహద్దునకు ఆవల ఎట్లు మారెనో చూచుట అవసరము. పాకిస్తానున 1982లో 295-బి, 1986లో 295-సి విభాగములు చేరినవి. మొదటిది ఖురానును, రెండవది ప్రవక్తను మాత్రమే కాపాడునవి. రెండవదానికి మరణదండన. ఏ వర్గమునైనను అను మాట తొలగి ఒక్క మతము నిలిచినది. బుద్ధిపూర్వకమను మేర సడలినది. హేల్ నియమము మతము మార్చుకొని తిరిగివచ్చినట్లయ్యెను. ఆసియా బీబీ అను క్రైస్తవస్త్రీ 2010లో ఈ శాసనము క్రింద మరణశిక్షకు గురియై, 2018 అక్టోబరు 31న సుప్రీంకోర్టు తీర్పుతో విముక్తి పొందినది. ఒకప్పుడు క్రైస్తవమును కాపాడిన తర్కమే ఇప్పుడు క్రైస్తవురాలిని ఉరికంబము నీడకు తెచ్చినది. దైవమునకు కావలి కాయు శాసనము ఏ మతము పక్షమున పుట్టినను, దాని భారము పడునది అల్పసంఖ్యాకులపైననే.

ఉపసంహారము

పై చర్చవలన తేలు అంశములు ఇవి. పెనుకొండ సీమ చరిత్రలో మతవివాదమునకు ప్రభుత్వము మూడు తీరుల ముఖము చూపినది. బుక్కరాయలు మధ్యస్థుడుగా నిలిచెను. కంపెనీ మొదట ధర్మకర్తగా నిలిచి, పిమ్మట తొలగిపోయెను. శిక్షాస్మృతి అందరి పూజాస్థలములకును సమానముగ కావలి కాసెను. శ్రవణబెళగొళ శాసనమునుండి మన్రో లేఖనమునకు, దానినుండి మెకాలే స్మృతికి సాక్షాత్తుగ పరంపర కలదని నేను చెప్పుట లేదు. పలు మతములవారు ఒకే సంతలో, ఒకే చెరువు క్రింద బ్రదుకు సీమను పాలింప దొరకొన్న ప్రతివానికి అదే సమస్య ఎదురయ్యెననియు, తన మతసత్యమును పీఠమునుండి ప్రకటింపని పాలకుడే దానిని కొంతవరకు సాధింపగలిగెననియు మాత్రము చెప్పుచున్నాను.

1950 నాటి రాజ్యాంగమున ఈ అనుభవము స్థిరరూపము పొందినది. 27వ అధికరణము ఒక మతమును పోషించుటకై పన్ను విధింపరాదని చెప్పును. 28వ అధికరణము పూర్తిగా ప్రభుత్వధనముతో నడచు విద్యాలయములలో మతబోధ కూడదని చెప్పును. లక్ష్మీనరసు శెట్టి 1846లో అడిగినది ఇదియే. దేవాలయముల విషయమున మాత్రము చక్రము వెనుకకు తిరిగినది. పానగల్లు రాజా రామరాయణింగారి మంత్రిత్వకాలమున సిద్ధమైన 1925 నాటి హిందూ ధర్మాదాయ చట్టముతో ప్రభుత్వము తిరిగి ఆలయపర్యవేక్షణకు వచ్చెను. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టము ఆ మార్గముననే సాగినది. 1817 నాటి రెగ్యులేషను, 1863 నాటి నిష్క్రమణ నేటి చర్చలకు అన్యములు కావని దీనివలన తెలియును.

తుదకు మిగులునది 1822 నాటి ప్రశ్న. అధికారియైన భక్తుడు తన భక్తిని ఎక్కడ నుంచుకొనవలెను? తన ఇంట, తన గుడిలో, తన చర్చిలో, తన మసీదులో ఉంచుకొనవచ్చును. కచేరిలోని బల్లమీద ఉంచరాదు. ఏలయన, బల్లకు ఆవలివైపున నిలిచినవాడు విన్నపమును చేతబట్టుకొని వచ్చినవాడు. వాడు కాదనలేడు. కాదనలేనివానికి ఇచ్చిన ఉపదేశము ఉపదేశము కాదు, అది ఉత్తరువు.